ఉద్యోగం, పిల్లలు, ఇగ్నో ఎం.ఎ.: వారానికి ఎన్ని గంటలు కావాలి?

ప్రశ్న:
జులై సెషన్‌లో ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) దూరవిద్య ఎం.ఎ.లో చేరాలనుకుంటున్నానండి. మొత్తం ఎనిమిది పేపర్లు, ఒక్కొక్కటి 8 క్రెడిట్లు. అకౌంట్స్ ఉద్యోగం, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా, ఆదివారం ఒక్కటే సెలవు. పిల్లలు ఒకటి, నాలుగు తరగతులు. రెండేళ్లలో అవుతుందా?

జవాబు 1:
ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. ఎనిమిది పేపర్లకు 1920 గంటలు. రెండేళ్లలో అవ్వాలంటే వారానికి 18 గంటల పైమాటే. మీ వేళలకు అది కుదరదండి. గరిష్ఠ గడువు నాలుగేళ్లు ఉంది కదా, వారానికి 12 గంటల చొప్పున 160 వారాలు వేసుకోండి. మూడేళ్లు దాటి కొద్దిగా. సోమవారం నుంచి శనివారం దాకా తెల్లవారుజామున గంటంపావు, ఆదివారం నాలుగున్నర గంటలు. ఆ నాలుగున్నర గంటలూ పిల్లలను ఎవరు చూసుకుంటారో ఫీజు కట్టకముందే ఇంట్లో తేల్చుకోండి. అది తేలకపోతే టైంటేబుల్ గోడకే ఉంటుంది.

జవాబు 2:
గంటల లెక్క సరే, చాలామంది దెబ్బ తినేది తేదీల దగ్గర. జూన్ పరీక్షలకు అసైన్‌మెంట్ల గడువు సాధారణంగా మార్చి 31. అకౌంట్స్ వాళ్లకు అదే ఇయర్ ఎండింగ్! సంక్రాంతికల్లా రాసెయ్యండి మేడమ్. గడువు పొడిగిస్తుంటారు, నిజమే, కానీ దాన్ని నమ్ముకోవద్దు. జూన్‌లో పరీక్షల మధ్యే బళ్లు తెరుస్తారు. యూనిఫాంలు, నోటుబుక్కులు మేలోనే కొనేయండి. మొదటి జూన్‌లో రెండు పేపర్లు చాలు, మొదటి ఏడాది పేపర్లలో మిగతావి డిసెంబరుకు పెట్టుకోండి. వాటికి అసైన్‌మెంట్లు సాధారణంగా సెప్టెంబరు 30లోగా ఇవ్వాలి. సెషన్ మారితే ప్రశ్నలూ మారవచ్చు, డౌన్‌లోడ్ చేసేటప్పుడు పైన సెషన్ చూసుకోండి.

అసైన్‌మెంట్‌కు వెయిటేజీ 30 శాతమే అని తేలిగ్గా తీసుకోకండి. అందులోనూ, పరీక్షలోనూ విడివిడిగా 40 శాతం రావాలి. పరీక్ష ఎంత బాగా రాసినా అసైన్‌మెంట్ ఇవ్వకపోతే ఆ పేపరు పూర్తి కానట్టే. స్టడీ సెంటర్‌లో రసీదు అడిగి తీసుకోండి, రాసిన ప్రతి పేజీకీ ఫొటో తీసి దాచండి. మార్కులు ఎక్కకపోతే మీ చేతిలో ఉండే ఆధారం అదే.

జవాబు 3:
చదివే వరుస గురించి ఒక మాట. పుస్తకం మొదటి యూనిట్ నుంచి మొదలుపెట్టకండి. ముందు అసైన్‌మెంట్ ప్రశ్నలు, తర్వాత ఇగ్నో సైట్‌లో ఉన్న పాత ప్రశ్నపత్రాలు ఓ అయిదేళ్లవి చూసి, పదేపదే వచ్చే యూనిట్లకు గుర్తు పెట్టుకోండి. పుస్తకాలు రావడం ఆలస్యమైతే ఇగ్నో పాఠాలు ఉండే ఈ-జ్ఞాన్‌కోశ్ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌లు ఉచితం. చాలా పేపర్లలో మూడు గంటల్లో అయిదు వ్యాసాలు రాయాలి, ఒక్కోదానికి 35 నిమిషాలు. కీబోర్డుకు అలవాటైన చేతికి ఇది కష్టం, కాబట్టి చివరి నెల ఆదివారాలు గడియారం పెట్టుకుని చేత్తోనే రాయండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండి. మొదటి ఏడాది పేపర్లు మిగిలినా రెండో ఏడాది ఫీజు కట్టాలా?

జవాబు 2:
కట్టాలి మేడమ్. మొదటి ఏడాది ఫలితాలతో సంబంధం లేకుండా రీ-రిజిస్ట్రేషన్ (ఫీజు కట్టి తర్వాతి ఏడాదికి నమోదు) గడువులోగా చేసుకోవాలి. పరీక్ష ఫారం వేరు, ప్రతి జూన్‌కూ డిసెంబరుకూ విడిగా నింపాలి. డేట్‌షీట్ (పరీక్షల తేదీల పట్టిక) వచ్చిన రోజే ఆఫీసులో సెలవు రాసి ఇచ్చేయండి.