సింగపూరా, మలేషియానా? జీతం ఒక్కటే కాదు, బతుకు ఎలా ఉంటుందో చెప్పండి

కాకినాడ_కాజా:

నమస్తే అండి. హైదరాబాద్‌లో ఐటీలో పన్నెండేళ్లుగా పని చేస్తున్నా. మా కంపెనీ వాళ్లు రెండు చోట్ల ఖాళీలు చూపించి ఏదో ఒకటి తేల్చుకోమన్నారు. సింగపూర్‌లో నెలకు 8,500 డాలర్లు, కౌలాలంపూర్‌లో 17,000 రింగిట్లు. సింగపూర్ డాలరు మూడు రింగిట్లకు పైమాటే కాబట్టి రూపాయల్లోకి మారిస్తే సింగపూరే ఎక్కువ, కానీ అక్కడి అద్దెలు విన్నాక ఆ ఎక్కువలో చేతికి మిగిలేది ఎంతో అర్థం కావట్లేదు. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి నాలుగు, మా ఆవిడ టీచరు.

ఇంకో సందేహం కూడా ఉంది. మా బావ "సింగపూర్ అంటే పాలన, మలేషియా అంటే అవినీతి, తేడా అంతే" అని ఒక్క ముక్కలో కొట్టిపారేశాడు. రెండింటినీ ఏలింది బ్రిటిష్ వాళ్లే, 1963 నుంచి 1965 ఆగస్టు 9 దాకా రెండూ ఒకే దేశం, 1973 వరకు ఒక దేశం డాలరు ఇంకో దేశంలో సమానంగా చెల్లేది. మరి ఇవాళ తలసరి జీడీపీలో ఏడు రెట్లకు పైగా తేడా ఎలా వచ్చింది? నిజంగా అంతా పాలనేనా? గూగుల్ చేసుకో అనకండి, చేశాకే వచ్చా.

ఉడ్‌లాండ్స్_బ్లాక్:

మీ బావగారు సగం కరెక్టు. ముందు ఆ ఏడు రెట్ల లెక్క చూద్దాం. సింగపూర్ మొత్తం కలిపి 735 చదరపు కిలోమీటర్లు, 60 లక్షల జనం, అంటే అది ఒక ఊరు. మలేషియాలో 3 కోట్ల 40 లక్షల మంది ఉన్నారు, అందులో సబా, సరవాక్ అడవుల్లో ఉండేవాళ్లూ, కెలాంతన్‌లో వరి పండించేవాళ్లూ అందరూ లెక్కలోకి వస్తారు. ఊరిని తీసుకెళ్లి దేశం పక్కన పెడితే ఊరే గెలుస్తుంది. సింగపూర్‌ని కౌలాలంపూర్‌తో పోల్చండి, తేడా చాలా తగ్గుతుంది. పోతుందని మాత్రం అనను.

ఆ మిగిలిన తేడాలో పాలన పాత్ర ఉంది, కాకపోతే జనం అనుకునే రకం పాలన కాదు. నిజాయితీ ఒక్కటే అయితే ఇంత డబ్బు రాదు. 1960లో ఇళ్ల బోర్డు (హెచ్‌డీబీ) పెట్టారు, 1961లో విదేశీ కంపెనీలను పిలిచి జురోంగ్ చిత్తడి నేలలో ఫ్యాక్టరీలు పెట్టించడానికి ఇంకో బోర్డు పెట్టారు, 1966లో భూసేకరణ చట్టం తెచ్చి భూమి చాలావరకు ప్రభుత్వం చేతిలోకి తీసుకున్నారు. మన దగ్గర రింగు రోడ్డు పడుతుందని తెలియగానే చుట్టూ ఎకరాలు ఎవరి పేరు మీదికి మారతాయో మీకు తెలుసు కదా, అక్కడ భూమి ధర పెరిగితే లాభం ఎక్కువగా ఖజానాకే పోయింది. ఆ భూమి మీదే హెచ్‌డీబీ ఫ్లాట్లు కట్టి 99 ఏళ్ల లీజుకి అమ్మారు. కొనడానికి డబ్బు ఎక్కడిదంటే జీతంలో ఉద్యోగి 20 శాతం, యజమాని 17 శాతం వేసే సీపీఎఫ్ ఖాతా, మన పీఎఫ్ లాంటిదే. ఇల్లూ పొదుపూ రెండూ ప్రభుత్వం గుప్పిట్లోంచే నడుస్తాయి. ఇవాళ్టికీ స్థానికుల్లో నూటికి డెబ్బై అయిదు మందికి పైగా ఆ ఫ్లాట్లలోనే ఉంటారు.

ఇక అసలు విషయం. ఇదంతా పౌరులకి, కొంతవరకు పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉన్నవాళ్లకి. మీరు ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద, అంటే విదేశీ ఉద్యోగులకిచ్చే పర్మిట్ మీద వస్తారు. మీకు సీపీఎఫ్ ఉండదు, అంటే యజమాని వేసే ఆ 17 శాతం ఉండదు. హెచ్‌డీబీ కొనలేరు, అద్దెకు ఉండొచ్చు, దానికీ ఒక్కో బ్లాకులో విదేశీయులకు కోటా ఉంది. తమాషా ఏమిటంటే ఆ కోటాలో మలేషియా వాళ్లని లెక్కపెట్టరు! మూడు బెడ్‌రూముల ఫ్లాటు అద్దె తేలిగ్గా మూడు వేల డాలర్లు దాటుతుంది. కారు మాట మర్చిపోండి, కారు కొనే హక్కు కాగితానికే లక్ష డాలర్లు పలికిన నెలలున్నాయి, కారు ధర వేరే. మెట్రో ఉంది కాబట్టి ఆ లోటు తెలియదు. రాత్రి పదకొండింటికి మీ ఆవిడ ఒక్కతే ఇంటికి నడిచొస్తుంటే మీకు టెన్షన్ ఉండదు. దానికి మాత్రం నేను వెల కట్టలేను.

పేరాక్_అప్పలస్వామి:

మాది మలేషియా తెలుగు కుటుంబం. ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి పేరాక్‌లో బగాన్ దాతో దగ్గర తోటల్లో కూలీ చేశాడు. నా తెలుగు రాత సంఘం క్లాసుల్లో నేర్చుకున్నది, తప్పులుంటే సర్దుకోండి.

పై అన్నగారు బాగా చెప్పారు కానీ మా వైపు కథ "అవినీతి" అనే ఒక్క మాటతో అయిపోదు. 1969 మే 13న మలయ్‌లకీ చైనీయులకీ మధ్య జరిగిన అల్లర్ల తర్వాత 1971లో కొత్త ఆర్థిక విధానం వచ్చింది. మలయ్ జాతివాళ్లు, ఆదివాసీలు వెనకబడి ఉన్నారు, వాళ్లకి చదువులో, ఉద్యోగాల్లో, కంపెనీల వాటాల్లో చోటు కల్పించాలని. అప్పటికి అవసరమైనదే, పేదరికం బాగా తగ్గింది కూడా. కానీ ఇరవై ఏళ్లకి అన్నది యాభై ఏళ్లు దాటినా కొనసాగుతోంది. ఇవాళ్టికీ కొత్త ఇల్లు కొంటే నా పక్క టేబుల్ మలయ్ అతనికి డిస్కౌంటు వస్తుంది, నాకు రాదు, జీతం ఇద్దరిదీ ఒకటే. దాంతో చదువుకున్న చైనీయులు, ఇండియన్లు వెళ్లిపోయారు. ప్రపంచ బ్యాంకు 2011లో వేసిన అంచనాలో బయట ఉన్న మలేషియా వాళ్లు దాదాపు 10 లక్షలు, అందులో సగానికి పైగా సింగపూర్‌లోనే. అంటే మా ఖర్చుతో చదివించి వాళ్లకి పంపాం.

మా పిన్ని కొడుకు సింగపూర్ సరిహద్దుకి ఇవతల మా జోహోర్ బారులో ఉంటాడు, సింగపూర్‌లో పని. తెల్లారి నాలుగున్నరకి బైక్ తీస్తాడు, రెయిన్‌కోటు వేసుకునే బయల్దేరతాడు, ఎందుకంటే రెండు దేశాలనీ కలిపే కాజ్‌వే మీద బైకుల వరసలో ఇరుక్కున్నాక వాన వస్తే పక్కకి ఆపే చోటు ఉండదు. ఆ వంతెన దారి నిండా ఒక కిలోమీటరు, 1924 నాటిది. కిలోమీటరు దాటడానికి ఒక్కోసారి గంటన్నర. ఏళ్ల తరబడి రోజూ అంతే, జీతం మూడు రెట్లు కనిపిస్తుంటే నిద్ర ఎవడికి కావాలి అంటాడు. శనివారం మాత్రం వరస తిరగబడుతుంది, సింగపూర్ వాళ్లు పళ్ల డాక్టరుకీ సరుకులకీ మా వైపు దిగుతారు. పోయేటప్పుడు వాళ్ల కారు ట్యాంకు ముప్పావు నిండి ఉండాలని వాళ్ల ప్రభుత్వమే రూలు పెట్టింది, లేకపోతే అందరూ మా చవక పెట్రోలు పోయించుకుని వస్తారని.

అయితే ఒకటి. మా దగ్గర మాజీ ప్రధాని నజీబ్ 1ఎండీబీ అనే ప్రభుత్వ నిధి కుంభకోణం వల్ల 2018 ఎన్నికల్లో ఓడాడు, 2022లో జైలుకి వెళ్లాడు. 1957 నుంచి ఏలుతున్న కూటమిని జనం ఓటేసి దించారు. ఆ తర్వాత నాలుగేళ్లలో నలుగురు ప్రధానులు మారారు, గందరగోళమే, ఒప్పుకుంటా. సింగపూర్‌లో 1959 నుంచి ఇప్పటిదాకా మొత్తం నలుగురే. 2025లో కూడా అప్పటి నుంచి ఏలుతున్న పీఏపీ పార్టీయే 65 శాతం ఓట్లతో 97 సీట్లలో 87 గెలిచింది. బాగా నడుస్తున్నప్పుడు ఇది సుఖమే, నడవనప్పుడు ఏం చేస్తారో వాళ్లకీ తెలియదు.

ఉడ్‌లాండ్స్_బ్లాక్:

@పేరాక్_అప్పలస్వామి గారూ, చివరి మాట మీద నాకు అభ్యంతరం ఉంది. ఇక్కడ 2024లో మాజీ రవాణా మంత్రి ఈశ్వరన్‌కి బహుమతులు తీసుకున్నందుకు పన్నెండు నెలల జైలు పడింది. టికెట్లు, మద్యం సీసాలు, ఒక సైకిలు. ప్రభుత్వం మారకుండానే మంత్రి లోపలికి పోయాడు. మీ దగ్గర ప్రభుత్వం మారితే గానీ పోలేదు.

పేరాక్_అప్పలస్వామి:

నిజమే. కానీ మీరు ఇలా ఫోరంలో రాసినదాన్ని తప్పని మంత్రి అంటే, కింద సవరణ పెట్టమని ఆర్డరు ఇచ్చే చట్టం 2019 నుంచి మీ దగ్గరే ఉంది. మా దగ్గర రాజద్రోహ చట్టం ఉంది, మేమేమీ గొప్పోళ్లం కాదు. టీ దుకాణంలో మాత్రం మేం బాగానే తిట్టుకుంటాం, ఒక్క రాజుగారిని తప్ప.

జగిత్యాల_మల్లేశ్:

మీ లెక్కలన్నీ ఆఫీసోళ్ల లెక్కలు సార్. నేను సింగపూర్‌లో షిప్‌యార్డులో వర్క్ పర్మిట్ మీద చేసిన, ఆ తర్వాత మలేషియాలో ఫ్యాక్టరీలో చేసిన. నాకు కనబడ్డ తేడా వేరే.

సింగపూర్‌లో అందరికీ వర్తించే కనీస వేతనం అని లేదు. మలేషియాలో ఉంది, 2025 నుంచి 1,700 రింగిట్లు, విదేశీ కూలీకి కూడా. కాగితం మీద మలేషియా మేలు. కానీ అక్కడ నా పాస్‌పోర్టు కంపెనీవాడు తీసుకుని బీరువాలో పెట్టిండు, జీతంలో కోత ఎందుకని అడిగితే చెప్పేటోడు లేడు. 2020, 2021ల్లో మలేషియా గ్లవ్స్ కంపెనీల సరుకును అమెరికా కస్టమ్స్ ఆపింది కదా, బలవంతపు పని చేయిస్తున్నారని, ఆ మాట ఊరికే రాలేదు. సింగపూర్‌లో ఓటీ డబ్బులు ఎగ్గొట్టినప్పుడు ఫిర్యాదు పెట్టిన, నెల దాటకముందే పిలిచి కూర్చోబెట్టి ఇప్పించిన్రు.

అట్లని సింగపూర్ స్వర్గం కాదు. ఒక్క గదిలో పన్నెండు మంచాలు, లారీ వెనక ఎక్కించి పనికి తీసుకపోవుడు, కుటుంబాన్ని తెచ్చుకునే వీలు లేదు. 2020లో కరోనా డార్మిటరీల్లోనే అంటుకుంది, ఊరంతా తిరగనిచ్చినా మమ్మల్ని చాన్నాళ్లు బయటికి రానియ్యలే. ఆ ఊరు కట్టింది మేమే, ఆ ఫ్లాట్లల్ల ఒక్కటి కూడా లోపలి నుంచి చూడలే.

రమ్య_ఇద్దరు_పిల్లల_తల్లి:

కాజా గారూ, ఎవరూ పిల్లల ఊసే ఎత్తలేదు కాబట్టి నేను చెప్తున్నా. మేం సింగపూర్‌లో ఉంటున్నాం. మీ బాబుని ప్రభుత్వ బడిలో వేయాలంటే ఏఈఐఎస్ అని ప్రవేశ పరీక్ష రాయాలి, పాసైనా సీటు ఖాయం కాదు. మనలాంటి విదేశీ పిల్లలకి ప్రైమరీలోనే నెల ఫీజు వెయ్యి డాలర్ల దరిదాపుల్లో ఉంది. ఆరో తరగతి చివర పీఎస్ఎల్ఈ అని ప్రైమరీ ముగింపు పరీక్ష, దాని కోసం నాలుగో తరగతి నుంచే ట్యూషన్లు, మన ఇంటర్ కాలేజీల గోల ఇక్కడ పదేళ్లకే మొదలవుతుంది. బడిలో మాతృభాష సబ్జెక్టు తప్పనిసరి, కానీ అందులో తెలుగు లేదు. తమిళం ఉంది, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి. మా పెద్దది హిందీ తీసుకుంది, తెలుగు ఆదివారం ఇంట్లో నా తిట్లతో నడుస్తోంది.

మీ ఆవిడ విషయం ఇంకా ముఖ్యం. డిపెండెంట్ పాస్ మీద, అంటే ఉద్యోగి కుటుంబంగా వచ్చినవాళ్లు 2021 మే నుంచి సొంతంగా వర్క్ పాస్ ఉంటేనే ఉద్యోగం చేయాలి. అనుమతి ఉత్తరం ఒక్కటి తెచ్చుకుని చేరిపోయే రోజులు పోయాయి. పిల్లలకి పాఠం చెప్పిన మనిషి ఇంట్లో కూర్చోవడం మామూలు విషయం కాదు, నేను కూర్చున్నా కాబట్టి చెప్తున్నా. కౌలాలంపూర్‌లో ఇంటర్నేషనల్ స్కూళ్లు చాలా ఉన్నాయి, అక్కడ ఆవిడకే ఉద్యోగం వచ్చి పిల్లల ఫీజులో రాయితీ కూడా దొరికితే మీ 17,000 లెక్క మొత్తం మారిపోతుంది.

కాకినాడ_కాజా:

అందరికీ థాంక్స్, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. మా ఆవిడకి చూపించా, రమ్య గారి జవాబు రెండుసార్లు చదివి వెంటనే కౌలాలంపూర్ స్కూళ్లకి మెయిళ్లు పెట్టడం మొదలెట్టింది. బావకి లింకు పంపా, ఇంకా చూడలేదు. కౌలాలంపూర్ అయితే హెచ్‌ఆర్‌ని ముందుగా ఏం అడగాలి?

పేరాక్_అప్పలస్వామి:

చేరే తేదీ అడగండి. మామూలుగా ఏడాదిలో 182 రోజులు ఉంటే రెసిడెంటు కింద టాక్స్ స్లాబులు వర్తిస్తాయి (తర్వాతి ఏడాది వరసగా ఉంటే దాన్నీ కలిపి చూస్తారు), అది తేలేదాకా సూటిగా 30 శాతం కోయొచ్చు. అక్టోబరులో దిగితే మొదటి జీతాలు చూసి బెంబేలెత్తొచ్చు. జనవరిలో దిగేలా మాట్లాడుకోండి, కుదరకపోతే ఆ తేడా కంపెనీ భరిస్తుందని కాగితం మీద రాయించుకోండి. ఇల్లు మాత్రం మెట్రో స్టేషన్‌కి నడిచే దూరంలో చూసుకోండి, మా ఊళ్లో కారు చవకే కానీ సాయంత్రం ఆరింటికి ఆ కారులో కూర్చుని చేసేదేమీ ఉండదు.