వైపౌట్ ఒమేగా: ఫాంటమ్‌ల ల్యాప్ టైం తగ్గించుడెట్ల?

హాలియా_హోవర్:
వైపౌట్ ఒమేగా, గాలిల తేలే బండ్ల రేసు ఆట. దీంట్ల రేపియర్ స్పీడ్ క్లాస్ దాక అందరికీ నడుస్తది, అన్నిటికంటే వేగమైన ఫాంటమ్‌కు రాంగనే గోడలు తగులుడు మొదలైతది. థ్రస్ట్ బటన్ వదలకుండ పట్టుకున్నా గోల్డ్ టైం అందదు. ఎయిర్‌బ్రేక్ (ఒక పక్క బ్రేకు), సైడ్‌షిఫ్ట్, బ్యారెల్ రోల్ (గాలిల బండిని గుండ్రంగ పొర్లించుడు) ఎవరెవరు ఎట్ల వాడుతున్నరో వివరంగ రాయుండ్రి. ఈ పీఎస్4 ఆటల పాత వైపౌట్ హెచ్‌డీ, వైపౌట్ 2048 రెండిటి ట్రాకులు ఉన్నయి. ఇక్కడ హెచ్‌డీ ట్రాకుల సంగతే, 2048 ట్రాకులు వేరే మాట్లాడుదాం.

పాలమూరు_పైలట్:
అన్నా, ముందుగాల ఎయిర్‌బ్రేక్. దీనికి టైర్లు లేవు కదా, ముక్కు తిప్పినంత మాత్రాన బండి అటు పోదు, పాత దిక్కుకే జారుతుంటది. అందుకే మలుపు రాకముందే స్టిక్‌తో ముక్కు లోపలికి పెట్టాలె. తర్వాత లోపలి దిక్కు ట్రిగ్గర్, ఎడమ మలుపైతే ఎల్2, నొక్కాలె. ముక్కు బయటి దారిని చూడంగనే వదిలెయ్యాలె. చాలామంది మలుపు పూర్తిగ అయిపోయేదాక పట్టుకుంటరు. అప్పటికి తోక బయటి గోడకు కొడ్తది, స్పీడూ పోతది, ఎనర్జీ (అయిపోతే బండి పేలిపోతది) కూడ పోతది. రెండు ట్రిగ్గర్లు ఒక్కసారి నొక్కితే నిలువు బ్రేకు. బాగ ఇరుకు మలుపుల తప్ప దాని జోలికి పోవద్దు.

క్లాక్‌టవర్_సెంటర్:
పైన తమ్ముడు చెప్పింది కరెక్టే, దానికి సైడ్‌షిఫ్ట్ కలపాలె. ఒకే ట్రిగ్గర్ టకటక రెండుసార్లు కొడితే బండి ఆ పక్కకు జరుగుతది, ముక్కు మాత్రం తిరగదు. మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు తోక గోడ దిక్కు పోతుంటే లోపలి పక్కకు ఒక్క షిఫ్ట్ కొడితే చాలు, తప్పించుకుంటది. జర పక్కన పడ్డ స్పీడ్ ప్యాడ్ (మీదికెళ్తే వేగం పెంచే పట్టీ) అందుకోనీకి కూడ ఇదే.
ఒకటి యాదిల పెట్టుకోండ్రి. మలుపుల ఎయిర్‌బ్రేక్ సరిపోలేదని వెంటనే ఇంకోసారి కొడితే, ఆట దాన్ని సైడ్‌షిఫ్ట్ అనుకుంటది. బండి లోపలి గోడకు అతుక్కుంటది. రెండో నొక్కుడుకు జరంత గ్యాప్ ఇయ్యాలె, లేకపోతే మొదటి నొక్కుడే కొంచెం పొడుగు చెయ్యాలె.

జడ్చర్ల_జెట్:
బ్యారెల్ రోల్ ఎక్కడ కొట్టాల్నో ఎవరన్న చెప్పుండ్రి. నేల తాకినంక బూస్ట్ ఒకసారి వస్తది, ఒకసారి రాదు.

హాలియా_హోవర్:
రోల్ గాలిలనే పూర్తి కావాలె తమ్మీ. స్టిక్ టకటక ఎడమ-కుడి-ఎడమ, లేదా కుడి-ఎడమ-కుడి కొట్టాలె. తిరుగుతుండంగనే నేల తాకితే బూస్ట్ రాదు. గాలిల టైం పెంచాలంటే జంప్ అంచు మీదికి రాంగనే స్టిక్ కిందికి గుంజి ముక్కు పైకెత్తాలె, ఆ వెంటనే రోల్. సెబెంకో క్లైంబ్ లెక్క ఎత్తుపల్లాలున్న ట్రాక్‌ల పెద్ద దూకుడుకు రెండు రోల్స్ కూడ పడ్తయి. మాగ్‌స్ట్రిప్ మీద బండి ట్రాక్‌కు అతికి ఉంటది, అక్కడ ప్రయత్నం దండుగ.
ప్రతి రోల్‌కు ఎనర్జీ ఖర్చయితది. మామూలు రేసుల అయితే దొరికిన ఆయుధం కాల్చకుండ అబ్సార్బ్ చేసి, అంటే బండిలకే గుంజుకోని, ఎనర్జీ నింపుకోవాలె, అది మళ్ల రోల్‌కు పెట్టాలె. ఎనర్జీ బార్ అడుగుకొచ్చినప్పుడు రోల్ మానుకోవాలె. అప్పుడు ఒక్క గోడ తగిలినా పేలిపోతది.

పాలమూరు_పైలట్:
దానికి ఇంకో మాట. దూకిన తర్వాత దగ్గర్లనే స్పీడ్ ప్యాడ్ ఉంటే ముక్కు ఎత్తొద్దు. బండి పైనుంచి ఎగిరిపోతే ప్యాడ్ పని చెయ్యదు. అంచు దాటంగనే ముక్కు కిందికి వంచి తొందరగ దించాలె, నేల దగ్గరికి రాంగనే మళ్ల సమం చెయ్యాలె. వంచినట్లే ఉంచితే ముక్కు నేలకు రాసుకుంటది, వచ్చిన స్పీడంత అక్కడనే పోతది. రోల్ కావాల్నా, ప్యాడ్ కావాల్నా అనేది ఒక్కో జంప్‌కు ముందే ఖాయం చేసుకోవాలె. గాలిల ఉన్నంక ఆలోచించే టైం ఉండదు.

క్లాక్‌టవర్_సెంటర్:
టర్బో (ఒక్కసారిగ వేగం పెంచే పికప్) దొరకంగనే కొట్టుడు కూడ తప్పే. మలుపుల మధ్యల కొడితే బయటి గోడకే పోతది. మలుపు నుంచి ముక్కు సీదా అయినంక, పొడుగు దారి ముంగట ఉన్నప్పుడు కొట్టాలె. జంప్ అంచుకు కొంచెం ముందు కొడితే గాలిల దూరం పెరిగి రోల్‌కు జాగ దొరుకుతది. నాకైతే ఇదే అన్నిటికంటే లాభం అనిపిస్తది.

జడ్చర్ల_జెట్:
స్టిక్‌తో రోల్ కొడుతుంటే ముక్కు కూడ పైకి కిందికి ఊగుతున్నది. డీ-ప్యాడ్ మంచిదా?

పాలమూరు_పైలట్:
రోల్ వరకు డీ-ప్యాడ్ సాఫ్‌గ పడ్తది. స్టిక్ ఎడమ-కుడి అనేటప్పుడు బొటనవేలు గుండ్రంగ తిరిగి పిచ్, అంటే ముక్కు పైకి కిందికి ఊగుడు, కలుస్తది. కాని మలుపులకు స్టిక్కే కావాలె, డీ-ప్యాడ్‌తో సగం తిప్పుడు ఉండదు, ఉంటే పూర్తి లేకుంటే లేదు. గాలిల ఉన్నప్పుడు మాత్రం వేలు డీ-ప్యాడ్ మీదికి మార్చుడు అలవాటు చేసుకో.

క్లాక్‌టవర్_సెంటర్:
నా లెక్కల అది కరెక్టు కాదు. ఫాంటమ్ స్పీడుల వేలు మార్చేలోపల నేల వస్తది. స్టిక్‌నే పక్కలకు సీదాగ కొట్టుడు నేర్చుకోవాలె. స్టిక్ ముట్టకున్నా ముక్కు దానంతట అదే వంగుతుంటే కంట్రోలర్‌ల లోపం, ఎండకాలం దుమ్ముకు స్టిక్ పాడైతది.
ఇంకోటి, టీవీల గేమ్ మోడ్ పెట్టుండ్రి, మోషన్ స్మూతింగ్ బంద్ చెయ్యుండ్రి. ఆట సెకనుకు 60 ఫ్రేములు చూపిస్తది, టీవీ ఆలస్యం చేస్తే ఎయిర్‌బ్రేక్ ప్రతి మలుపుల లేటే పడ్తది.

హాలియా_హోవర్:
బండి సంగతి కూడ చెప్త. ఇకారస్ అనే బండి టాప్ స్పీడ్ చూసి ఎగబడొద్దు. ఫైసర్ బండి తేలికగ తిరుగుతది, గోడ తగలకుండ ఒక ల్యాప్ పూర్తి చేసేదాక దాంతోనే ఆడుండ్రి. ఆ ల్యాప్ చేతికొచ్చినంక అదే ట్రాక్ మీద ఇకారస్ తీసుకోని, ఎయిర్‌బ్రేక్ మునుపటికంటే కొంచెం ముందుగ నొక్కుండ్రి.