బీటిల్ ఇంజిన్ కింద ఆయిల్ కారుతోంది, క్రాంక్ సీల్ మారిస్తే సరిపోతుందా?

అనంతపురం నుంచి, కమలానగర్

అన్నలకు నమస్తే. మా మేనమామ వాడిన 1969 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు ఇప్పుడు నా దగ్గరుంది. 1500 సీసీ ఇంజిన్, 12 వోల్టులది. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసేచోట కింద ఆయిల్ కారుతోంది. రాత్రి అట్టముక్క పరిస్తే పొద్దునకి అరచేతంత మరక. పెనుకొండ దాకా వెళ్ళొస్తే ఇంకా ఎక్కువ. ఈమధ్య ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ కూడా జారుతోంది.

మా మెకానిక్ ఇంజిన్ దింపి క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ఇరుసు) రెండు కొసల్లో ఆయిల్ ఆపే సీళ్ళు రెండూ మార్చేస్తానంటున్నాడు, ఒక పూట పనేనట. కానీ నేను తెప్పించిన కిట్‌లో పెద్ద సీల్ ఒక్కటే వచ్చింది. పుల్లీ (బెల్టు తిప్పే చక్రం) వైపు సీల్ ఎక్కడ దొరుకుతుంది? బెంగళూరులో అడగాలా? ఇంజిన్ ఎలాగూ దిగుతుంది కాబట్టి ఇంకేం చూసుకోవాలి?

కర్నూలు నుంచి

దింపే ముందు ఆ ఆయిల్ వేలికి రాసుకుని వాసన చూడు బ్రో. గంధకం కంపు కొడితే అది గేర్ ఆయిల్. అంటే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ పోయినట్టు. రెండు లీకులూ ఒకేచోట కిందికి దిగుతాయి. వాల్వ్ కవర్లు, పుష్‌రాడ్ ట్యూబులు కూడా తుడిచి చూడు.

కడప నుంచి, ఏడు రోడ్ల దగ్గర లేత్ పని

అబ్బీ, నీ కిట్‌లో తక్కువేమీ రాలేదు. ఈ ఇంజిన్‌కి పుల్లీ వైపు కంపెనీ రబ్బరు సీల్ పెట్టలేదు. అక్కడ ఆయిల్ విసిరే పళ్ళెం ఒకటి ఉంటుంది, పుల్లీ మెడ మీద మరలాంటి గాడి ఉంటుంది. తిరిగేటప్పుడు ఆ గాడి ఆయిల్‌ని లోపలికే తోసేస్తుంది. అటువైపు కారితే గాడిలో మట్టి చేరిందేమో, బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి వదిలే గొట్టం) మూసుకుపోయిందేమో చూడాలి. బయట సాండ్ సీల్ పుల్లీ అని అమ్ముతారు. ఇసుకలో పరిగెత్తించే బగ్గీలకు అది బాగుంటుంది. రోడ్డు మీద తిరిగే బండికి నేనైతే వేయను.

ఇక ఫ్లైవీల్ వైపు, అంటే గేర్‌బాక్స్ పక్కన క్రాంక్ కొసకి ఉండే బరువైన చక్రం వైపు. ఒక పూట పని అన్నవాడు సీల్ గురించే ఆలోచిస్తున్నాడు. నేను చూసే పని సీల్ వెనక ఉంటుంది. అక్కడ షిమ్‌లని పల్చటి రింగులు మూడు ఉంటాయి, క్రాంక్ ముందుకూ వెనక్కూ ఎంత కదలాలో అవే చెబుతాయి. 0.07 నుంచి 0.13 మి.మీ. మధ్య ఉండాలి. 0.15 దాటితే వదలొద్దు. క్రాంక్ అటూ ఇటూ ఊగుతుంటే ఎంత మంచి సీలైనా దాని పెదవి అరిగిపోతుంది. ఇంజిన్ ఆపి పుల్లీ పట్టుకుని లాగి తోయి. టక్‌మని చేతికి తెలిసిందంటే ఆ కదలిక ఎక్కువైందని. సరైన లెక్కకు మాత్రం డయల్ గేజ్ (సన్నటి కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) కావాలి, ఏ లేత్ షాపులో అడిగినా అయస్కాంతం స్టాండుతో సహా ఇస్తారు.

ఫ్లైవీల్ విప్పే ముందు దానికీ క్రాంక్‌కీ కలిపి పంచ్‌తో గుర్తు కొట్టుకో. రెంటినీ కలిపేవి నాలుగు డోవెల్ పిన్నులే (మేకుల్లాంటివి) కాబట్టి నాలుగు విధాలా కూర్చుంటుంది. పాత సీల్ పీకేటప్పుడు స్క్రూడ్రైవర్ ఇంజిన్ కేసుకి ఆనించకు, అది మెగ్నీషియం కలిసిన మెత్తటి లోహం, గీత పడితే ఆ గీతలోంచే కారుతుంది. ఫ్లైవీల్ మెడ మీద సీల్ రాసుకునేచోట గోరు పెట్టి చూడు. గోరు ఆగితే ముందు దాని సంగతి చూడాలి, కొత్త సీల్ వేసినా లాభం లేదు. మెడ లోపల ఓ-రింగ్ ఉంటుంది, అది మార్చడం చాలామంది మర్చిపోతారు. క్రాంక్‌కి కింద క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) మూత ఒకటుంది, దాని చుట్టూ తడి ఉంటే మాత్రం పని పెద్దదే. సరిగ్గా చేయాలంటే కేసు రెండు ముక్కలుగా విప్పాలి.

సీల్ స్ప్రింగ్ ఉన్న వైపు లోపలికి రావాలి. పెదవికి కాస్త ఆయిల్ రాసి, చుట్టూ సమానంగా నొక్కు. ఒకపక్క సుత్తితో కొడితే రెండోపక్క లేస్తుంది. ఫ్లైవీల్‌ని పట్టుకునే గ్లాండ్ నట్ 36 మి.మీ.ది, బిగింపు 35 కేజీ-మీటర్లు. అంత పెద్ద టార్క్ రెంచ్ మన ఊళ్ళలో దొరకడం కష్టం. 70 కిలోల మనిషి, నట్టుకి అర మీటరు దూరంలో పైపు మీద బరువంతా వేస్తే అదే లెక్క.

క్లచ్ ప్లేట్ ఆయిల్ తాగి ఉంటే కొత్తది వేయి. పెట్రోల్‌తో కడిగి ఎండలో పెడతామంటారు, వేడెక్కగానే మళ్ళీ చెమట పట్టినట్టు ఆయిల్ కక్కుతుంది.

కర్నూలు నుంచి

ఒక్కటి కలుపుతాను. పిస్టన్ రింగులు అరిగి కేసులో గాలి ఒత్తిడి పెరిగినా సీల్ మళ్ళీ కారుతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడు, పొగ గుప్పుగుప్పుమని తన్నితే అనుమానించాలి. ఆయిల్ కూడా రెండున్నర లీటర్లకు మించి పోయొద్దు.

అనంతపురం నుంచి, కమలానగర్

ఇంజిన్ దింపాం. గంధకం వాసన లేదు, క్యామ్ మూత దగ్గర పొడిగానే ఉంది. ఓ-రింగ్ మాత్రం రాయిలా గట్టిపడింది. గేజ్ పెడితే 0.21 వచ్చింది! మెకానిక్ కూడా ఆశ్చర్యపోయాడు. షిమ్‌ల లెక్క ఎలా వేయాలి పెద్దాయనా?

కడప నుంచి, ఏడు రోడ్ల దగ్గర లేత్ పని

కొత్త సీలూ, ఓ-రింగూ ఇప్పుడే వేయకు. అవి పట్టేస్తే గేజ్ తప్పు చెబుతుంది. రెండు షిమ్‌లు మాత్రమే పెట్టి ఫ్లైవీల్ బిగించి కొలువు. వచ్చిన అంకెలోంచి 0.10 తీసేస్తే మూడో షిమ్ మందం వస్తుంది. 0.44 వచ్చిందనుకో, 0.34 షిమ్ కావాలి. 0.24, 0.30, 0.32, 0.34, 0.36 ఇలా దొరుకుతాయి. పాతవి కూడా మైక్రోమీటర్‌తో కొలువు, అరిగి ఉంటాయి. మూడే ఉండాలి, లెక్క కుదరలేదని నాలుగోది దూర్చకు. మూడూ వేసి ఇంకోసారి కొలిచాక ఫ్లైవీల్ విప్పి సీల్ వేయి. షిమ్‌లు బెంగళూరులో దొరక్కపోతే కోయంబత్తూరులో పాత బండ్ల పని చేసేవాళ్ళని అడుగు.