అప్‌డేట్: కొడైకెనాల్ వెళ్లొచ్చాం

ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యతో మే నెలలో కొడైకెనాల్ వెళ్తే బోటింగ్ కాక ఇంకేం చేయొచ్చని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

అన్నిటికన్నా బాగా కుదిరింది సరస్సు చుట్టూ సైక్లింగ్. 1863లో కట్ట వేసి చేసిన చెరువది, చుట్టూ రోడ్డు దాదాపు 5 కిలోమీటర్లు. ఇద్దరు తొక్కే సైకిల్ తీసుకున్నాం. వెనక సీట్లో మా చిన్నాడు పెడల్ మీద కాళ్లు ఊరికే ఆనించి, కారం నిమ్మకాయ రాసిన మొక్కజొన్న పొత్తు తింటూ "ఇంకా గట్టిగా తొక్కమ్మా" అని ఆర్డర్లు! సైకిల్ అద్దెకు తీసుకునేముందు బ్రేకులు నొక్కి చూడండి. మాకు ముందిచ్చినదానికి వెనక బ్రేకే పట్టలేదు, మార్పించుకున్నాం.

లోయ అంచున ఉండే నడకదారి కోకర్స్ వాక్‌కి పొద్దున్నే వెళ్లమన్నవారికి దండం. అత్తయ్య రెయిలింగ్ పట్టుకుని, మధ్యమధ్యలో కూర్చుంటూ హాయిగా నడిచారు. కాసేపటికే మబ్బు కమ్మి లోయ కనబడకుండా పోయింది. పిల్లర్ రాక్స్ దగ్గరా అంతే, మంచు తప్ప రాళ్లు కనబడలేదు.

లోయ మీదికి పొడుచుకొచ్చిన బండ, డాల్ఫిన్స్ నోస్ మాత్రం పెద్దవాళ్లకి వద్దు. చెట్ల వేర్ల మీదుగా దిగుడు, మళ్లీ అంతా ఎక్కాలి. మావారు, పెద్దాడు వెళ్లొచ్చారు. మేం బ్రయంట్ పార్కులో పూలు చూస్తూ కూర్చున్నాం.

సొంత కారులో వెళ్లేవాళ్లు ఈ-పాస్ ముందే తీసుకోండి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మేలో వచ్చిన రూలు.