మత్తు డాక్టర్‌గా ఉంటూ మెడికోలకు నేర్పడం ఎలా ఉంటుంది?

ప్రశ్న: ఫైనల్_ఇయర్_మెడికో

మెడిసిన్‌లో నాకిది చివరి సంవత్సరం. అనస్తీషియా పోస్టింగ్ నిన్నటితో అయిపోయింది. మొదటి రోజు థియేటర్‌లో ఏ మూల నిలబడాలో కూడా తెలియలేదు, చివరి రోజు మాత్రం వదిలి రాబుద్ధి కాలేదు. పీజీ ఇందులోనే చేసి, ఆ తర్వాత మెడికల్ కాలేజీలోనే ఉండి పాఠాలు చెప్పాలని ఉంది. ఎవరికి చెప్పినా ఒకటే మాట: "మత్తు ఇచ్చేస్తే పనైపోతుంది, అందులో నేర్పడానికి ఏముంటుంది? పేషెంట్‌కి నీ ముఖం కూడా గుర్తుండదు." ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నవాళ్లు ఉంటే, నేర్పడం అంటే నిజంగా ఏం చేస్తారో చెప్పండి.

జవాబు: పీజీ_రెండో_ఏడు

మత్తు ఇవ్వడం కొన్ని నిమిషాల పనే. ఆ తర్వాత పేషెంట్ ఊపిరి, బీపీ, ఒంటి వేడి, నొప్పి అన్నీ మనమే చూసుకోవాలి, మళ్లీ కళ్లు తెరిచి తన పేరు తను చెప్పేదాకా. టీచింగ్ గురించి చెప్పేంత అనుభవం నాకు లేదు. కానీ పీజీలో చేరగానే జూనియర్లకు చెప్పాల్సి వస్తుంది. నేర్పడం ఇష్టమో కాదో అక్కడే తేలిపోతుంది.

జవాబు: ముందు_మాస్క్

19 ఏళ్లుగా ఇదే పని అమ్మా. నా స్టూడెంట్ల వయసే నీది కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

మా దగ్గరికి వచ్చే పిల్లలందరికీ పేషెంట్ శ్వాసనాళంలోకి ట్యూబ్ వేసెయ్యాలని ఆత్రం. ట్యూబ్ వెయ్యడానికి గొంతు లోపల చూపించే బ్లేడు పరికరం, లారింగోస్కోప్‌ని నేను మొదటి వారం ముట్టుకోనివ్వను, మాస్క్ చేతికిస్తాను. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మాస్క్ మీద, మిగతా మూడు వేళ్లు దవడ ఎముక మీద ఉండాలి. దాదాపు అందరూ చేసే తప్పు ఒకటే: మాస్క్‌ని ముఖం మీదికి అదుముతారు. అలా అదిమితే నాలుక వెనక్కి జారి గాలి దారి ఇంకా మూసుకుపోతుంది. దవడని పైకెత్తి ముఖాన్నే మాస్క్‌లోకి తేవాలి. వేళ్లు గడ్డం కింద మెత్తటి చోట దిగకూడదు. నోటితో ఇంత చెప్పినా రాదు. వాళ్ల చేతి మీద నా చెయ్యి వేసి దవడ కొంచెం ఎత్తిస్తాను. మాస్క్‌కి తగిలించిన గాలి బ్యాగ్, అప్పటిదాకా నొక్కితే కదలనిది, మెత్తబడుతుంది, ఛాతీ లేస్తుంది. ఆ తేడా చేతికి ఒక్కసారి తెలిస్తే చాలు. వీళ్లలో ఎక్కువమంది రేపు కంటి డాక్టర్లో, చర్మం డాక్టర్లో అవుతారు. ఏదో ఒక రాత్రి వార్డులో ఎవరికైనా ఊపిరి ఆగితే వాళ్లకు పనికొచ్చేది ట్యూబ్ కాదు, ఇదే.

తర్వాత చెవికి పని చెబుతాను. మానిటర్‌కి వీపు పెట్టి నిలబడమంటాను. సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, తగ్గేకొద్దీ బీప్ శ్రుతి కిందికి దిగుతుంది. అంకె చూడకుండానే అది పట్టుకోవాలి.

నాకు కష్టమైంది వేరే ఉంది. నేను స్టూడెంట్‌గా మొదటి ట్యూబ్ వేస్తున్నప్పుడు, స్వరతంత్రులు ఇంకా కనబడకముందే, మా సీనియర్ ఒక్క మాట కూడా అనకుండా లారింగోస్కోప్ లాగేసుకున్నారు. ఆయన చేసింది పేషెంట్ కోసమే. కానీ నా తప్పేమిటో ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత రెండు నెలలు, నేను వేస్తానని అడగడానికి నోరు రాలేదు. టేబుల్‌కి కాళ్ల వైపు నిలబడి చార్ట్ రాస్తూ గడిపాను. ఇంకో మేడమ్ అది గమనించి, ఒకరోజు కేసులు అయ్యాక ప్రాక్టీస్ బొమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. "మణికట్టు మడుస్తున్నావు, అందుకే బ్లేడు పళ్ల మీద ఆనుతోంది. హ్యాండిల్ ఎటు చూస్తోందో అటే ఎత్తు" అన్నారు. ఐదు నిమిషాలు పట్టిందేమో. నేను టీచింగ్‌లో ఉండిపోయింది ఆవిడ వల్లే.

అందుకే ఇప్పుడు కేసుకి ముందే చెప్పేస్తాను: "మూడు నిమిషాలు ఆక్సిజన్ పీల్పిస్తాం కాబట్టి మనకి కాస్త టైముంటుంది. 30 సెకన్లు పైకి లెక్కపెడతాను. అది అయిపోయినా, సాచురేషన్ 95కి దిగినా లారింగోస్కోప్ నాకిచ్చెయ్. ఇచ్చెయ్యడం తప్పు కాదు." అంతదాకా నా చేతులు వెనక్కి కట్టుకుని ఉంటాను. ఆ 30 సెకన్లు ఇప్పటికీ టెన్షనే. స్టూడెంట్‌కి ఇచ్చేది కూడా గాలి దారి సులువుగా ఉండి, ముందే ఒప్పుకున్న పేషెంట్ల దగ్గరే. ట్యూబ్ దిగాక తెర మీద, ఊపిరితో బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ అలలు వరసగా వచ్చేదాకా "పడింది మేడమ్" అంటే ఒప్పుకోను.

పేషెంట్‌కి ముఖం గుర్తుండదన్న మాట చాలావరకు నిజమే. స్టూడెంట్‌కి గుర్తుంటుంది కదా.

పుట్టిన బిడ్డకి వేసే ఆప్గార్ స్కోర్ చదివే ఉంటావు. వర్జీనియా ఆప్గార్ మత్తు డాక్టరే, పాఠాలు చెప్పే ప్రొఫెసర్ కూడా. బిడ్డ పరిస్థితిని ఎలా అంచనా వెయ్యాలని ఒక స్టూడెంట్ అడిగితే, అక్కడికక్కడే ఐదు అంశాలు కాగితం మీద రాసిచ్చారని చెబుతారు. 1953లో అది అచ్చయింది. పిల్లలు అడిగే ప్రశ్నని నేను విసుక్కోకపోవడానికి అదొక కారణం.

ఫైనల్_ఇయర్_మెడికో

థాంక్యూ మేడమ్. చదువుతూనే నా దవడ మీద వేళ్లు పెట్టి చూసుకున్నాను. ఒక్కటి అడగనా? స్టూడెంట్ చేతిలో నిజంగా ఏదైనా జరిగితే ఏం చేస్తారు?

ముందు_మాస్క్

జరిగింది. ఒక అబ్బాయి ట్యూబ్ వేస్తుంటే పేషెంట్ ముందు పన్ను విరిగింది. ముందు ఆ ముక్క కోసం వెతికాం, ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రమాదం కాబట్టి. నాలుక పక్కన దొరికింది. మెలకువ వచ్చి, మాట అర్థమయ్యే స్థితికి వచ్చాక పేషెంట్‌కి జరిగింది జరిగినట్టు చెప్పి క్షమించమని అడిగింది నేను. పన్ను కట్టించే ఏర్పాటు చేస్తామని కూడా చెప్పాను. అబ్బాయిని పక్కనే నిలబెట్టుకున్నాను, అలాంటి మాట ఎలా చెప్పాలో కూడా వాడు చూడాలి. రాత్రి ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడిగితే, లేదన్నాడు. తినేదాకా ఫోన్ పెట్టలేదు. మర్నాడు మొదటి కేసుకి వెనక వరసలో నిలబడ్డాడు. ముందుకు రమ్మని పిలిచి మాస్క్ వాడి చేతికే ఇచ్చాను.