వానకోయిలల ఈక నల్లులు పక్క పిట్టకు పాకుతాయా? (చర్చ)

తీగమీదిపిట్ట:
చలికాలంలో మా చెరువుగట్టున కరెంటు తీగల మీద వాలే వానకోయిలలను (స్వాలో పిట్టలను) ఫొటోలు తీస్తుంటాను. ఎండకు ఎదురుగా రెక్క చాచిన ఒక ఫొటోను పెద్దది చేసి చూస్తే, ఈక కాడ పక్కన సన్నని చుక్కలు బారులు తీరి కనిపించాయి. అవి ఈక నల్లులని (మంచాల్లో ఉండే నల్లులు కావు, ఈకల మీద ఉండే అతి చిన్న మైట్లు) మిత్రులు చెప్పారు. అదే తీగ మీద ఎర్రనడుము వానకోయిలలు కూడా వాలుతాయి, తాటితోపు స్విఫ్టులు పైనే తిరుగుతాయి. ఈ నల్లులు ఒకరి నుంచి మరొకరికి పాకుతాయా?

సూక్ష్మదర్శిని:
సాధారణంగా పాకవు. గుడ్డు నుంచి పెద్ద నల్లి వరకు దాని జీవితమంతా పిట్ట ఒంటి మీదే గడుస్తుంది, పిట్టను వదిలితే అది ఎక్కువకాలం బతకదు. అందువల్ల ఒంటికి ఒళ్లు తగిలినప్పుడే, అంటే గూట్లో తల్లిదండ్రుల నుంచి పిల్లలకు, జతకట్టేటప్పుడు ఆడామగల మధ్య, అది చేతులు మారుతుంది. ఒకే తీగ మీద జానెడు దూరంలో కూర్చున్నంత మాత్రాన దారి దొరకదు. పైగా సుమారు అర మిల్లీమీటరు పొడవుండే ఆ బల్లపరుపు శరీరం ఈక పోగుల మధ్య సందులో ఇమడాలి, వేరే జాతి ఈకలో ఆ సందు సరిపోకపోవచ్చు. స్విఫ్టులు చూపుకు వానకోయిలల్లాగే ఉన్నా, వాటి మీద ఉండేది యూస్టాథియిడే అనే వేరే నల్లుల కుటుంబం. ఎర్రనడుము వానకోయిలలు వదిలిన మట్టిగూళ్లలో కొన్ని స్విఫ్టులు కాపురం పెట్టినా ఈ తేడా చెరగలేదు.

రెల్లుదుబ్బు (ఇంగ్లండు):
ఇక్కడ అనుమతి ఉన్నవారి దగ్గర పిట్టల కాళ్లకు ఉంగరాలు తొడగడం నేర్చుకుంటున్నాను. రెక్కను వెలుతురుకు పట్టి ఈక నల్లులను లెక్కిస్తాము. నాకు బాగా నచ్చిన సంగతేమిటంటే, వానకోయిల ఒక్క ఈక మీదే రెండు రకాల నల్లులు చోటు పంచుకుని బతుకుతాయి: టెరోడెక్టెస్ రుటిలస్ అడుగువైపున, ట్రూయెస్సార్టియా ప్రజాతి నల్లులు పైవైపున. పట్టిన పిట్టలను కాసేపు ఉంచే సంచి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. వేర్వేరు జాతుల పిట్టలను ఒకే సంచిలో ఉంచితే నల్లులు కలిసిపోయి, ఒక పిట్ట మీద బతకని నల్లి దాని మీద బతుకుతున్నట్టు రాసుకుంటాము. పాత పట్టికల్లోని వింత నమోదులను నేను అంత తేలికగా నమ్మను.

పెరటికోడి:
మా వసారాలోని గూటి నుంచి నల్లులు మంచం దాకా వచ్చి కుట్టాయి. అంటే పాకుతున్నట్టే కదా?

సూక్ష్మదర్శిని:
అవి రక్తం పీల్చే గూటి నల్లులు, పెరటికోడి గారూ. గూటిలో దాగి ఏ పిట్ట దొరికితే దాన్ని, పిట్టలు ఎగిరిపోతే మనిషిని కూడా కుడతాయి. ఈక నల్లి రక్తం తాగదు. ఈకల మీది నూనెతో పాటు శిలీంధ్రాలను, బ్యాక్టీరియాను తింటుందని 2018లో స్పెయిన్ శాస్త్రవేత్తలు డీఎన్ఏ పరీక్షలతో చూపారు. దాన్ని పరాన్నజీవి అనడం కంటే ఈకలను శుభ్రపరిచే సహవాసి అనడమే నాకు సబబుగా తోస్తుంది. అయితే ప్రతి నల్లీ ఒకే జాతికి కట్టుబడి ఉంటుందని కూడా అనుకోకూడదు. కొన్ని దగ్గరి బంధువులైన రెండు మూడు జాతుల మీద ఉంటాయి, పరిణామక్రమంలో అప్పుడప్పుడు కొత్త ఆతిథేయికి, అంటే తాము బతికే మరో పిట్ట జాతికి, మారినవీ ఉన్నాయి.

రెల్లుదుబ్బు (ఇంగ్లండు):
తీగమీదిపిట్ట గారూ, మీకు నాకు లేని అవకాశం ఒకటుంది. వానకోయిలలు రెక్క ఈకలను చలికాలపు విడిదిలోనే, అంటే మీ దగ్గరే, ఒక్కొక్కటిగా రాల్చుకుంటాయి. రాలబోయే ఈకను నల్లులు ముందే ఖాళీ చేసి పక్క ఈకకు తరలుతాయని 2001లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. రెక్క చాచిన ఫొటోలను తేదీలవారీగా దాచి, రాలిన ఈక చోటుకు పక్కనున్న ఈకల మీద చుక్కలు ఎలా ఉన్నాయో ఇక్కడ పెట్టగలరా?

తీగమీదిపిట్ట:
తప్పకుండా. గూళ్ల దగ్గరికి వెళ్లకుండా, తీగ మీది పిట్టలనే తీస్తాను.