డెబియన్ 12లో యూఎస్‌బీ మౌస్: ముందు పోర్టులో గుర్తించదు, వెనక పోర్టులో మధ్యలో ఆగిపోతోంది

ప్రశ్న:
మా డీటీపీ దుకాణంలో ఎక్స్‌ఎఫ్‌సీఈ ఇంటర్‌ఫేస్‌తో డెబియన్ 12 అనే లినక్స్ సిస్టమ్ నడిచే పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది. సిస్టమ్‌ను అమ్మినవారే ఎక్కించి ఇచ్చారు. వైరు ఉన్న మామూలు యూఎస్‌బీ మౌస్‌ను కేబినెట్ ముందున్న పోర్టులో పెడితే అసలు చలనమే లేదు. వెనక పోర్టుకు మారిస్తే కర్సర్ కదులుతుంది గానీ, చేయి తీసి మళ్లీ మౌస్ పట్టుకునేసరికి బిగుసుకుపోతుంది. అదే మౌస్ పక్కనున్న విండోస్ కంప్యూటర్‌లో ఏ ఇబ్బందీ లేకుండా పని చేస్తోంది. డ్రైవర్ ఏదైనా డౌన్‌లోడ్ చేసుకోవాలా, లేక సిస్టమ్ మళ్లీ ఎక్కించాలా? దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
రెండూ అక్కర్లేదండీ. మామూలు మౌస్‌కు కావలసిన యూఎస్‌బీహెచ్‌ఐడీ డ్రైవర్ సిస్టమ్‌కు మూలమైన లినక్స్ కెర్నెల్‌తోనే వస్తుంది. కెర్నెల్ ముందుగా పరికరం వివరాలు చదవాలి, తర్వాత ఆ డ్రైవర్ దాన్ని మౌస్‌గా నమోదు చేయాలి, ఆపైన మౌస్, కీబోర్డుల సంకేతాలను చూసుకునే లిబ్‌ఇన్‌పుట్ ద్వారా ఆ కదలికలు, తెర మీద బొమ్మ చూపే ఎక్స్ సర్వర్‌కు అందాలి. వీటిలో ఎక్కడ ఆగిందో తెలియకుండా సెట్టింగులు కెలకడం వృథా ప్రయాస. మౌస్ తీసేసి, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి, వచ్చిన కన్సోల్‌లో రూట్‌గా లాగిన్ అయి, కెర్నెల్ సందేశాలను వచ్చినవి వచ్చినట్టు చూపే ‘dmesg -w’ అనే ఆదేశం ఇవ్వండి. ఆ తర్వాత మౌస్‌ను ఒక్కో పోర్టులో పెట్టి, తెర మీద వచ్చే వరుసలను ఇక్కడ రాయండి.

ప్రశ్న అడిగినవారు:
ముందు పోర్టులో ‘డివైస్ డిస్క్రిప్టర్ రీడ్’ అంటూ ఎర్రర్ మైనస్ 71 పదేపదే వచ్చి, చివరికి ‘అన్‌ఏబుల్ టు ఎన్యూమరేట్’ (పరికరాన్ని గుర్తించలేకపోయాను) అని ఆగింది. వెనక పోర్టులో ‘న్యూ లో-స్పీడ్ యూఎస్‌బీ డివైస్’ అని, కింద మౌస్ పేరు వచ్చాయి. కర్సర్ బిగుసుకున్నప్పుడు మాత్రం కొత్త వరుసేదీ రాలేదు. అప్పుడు మౌస్ అడుగున ఎర్ర లైటు కూడా ఆరిపోతోంది. బటన్ నొక్కితే మళ్లీ వెలిగి, కర్సర్ కదులుతోంది.

జవాబు 1:
ఆ లైటు సంగతి చెప్పడం మంచిదైంది. ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు లోపాలు.

మైనస్ 71 అంటే యూఎస్‌బీ సంభాషణ మధ్యలోనే చెడిపోయిందని అర్థం. మౌస్ వెనక పోర్టులో పలుకుతోంది కాబట్టి అనుమానం ముందు పోర్టు మీదికి, లేదా అక్కడి నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే వైరు మీదికి పోతుంది. పవర్ పూర్తిగా తీసేసి, ఆ వైరు కనెక్టర్‌ను ఊడదీసి మళ్లీ బిగించి చూడండి.

వెనక పోర్టులో జరుగుతున్నది ఆటోసస్పెండ్, అంటే కరెంటు ఆదా కోసం పరికరాన్ని నిద్రపుచ్చడం. నిద్రపోయిన మౌస్‌లు చాలావరకు బటన్ నొక్కితేనే లేస్తాయి, కదిపితే లేవవు. కెర్నెల్ తనంతట తానుగా హబ్బులను తప్ప వేరే పరికరాలను ఇలా నిద్రపుచ్చదు. కాబట్టి ఇంకేదో ప్రోగ్రామ్ ఈ పని చేయిస్తోంది. కెర్నెల్ పరికరాల వివరాలు చూపే సిస్‌ఫైల్‌సిస్టమ్‌లో (/sys ఫోల్డర్) మీ మౌస్‌కు చెందిన ఫోల్డర్‌లో, పవర్ అనే ఉపఫోల్డర్ కింద కంట్రోల్ అనే ఫైలు ఉంటుంది. అందులో ‘ఆటో’ అని ఉంటే ‘ఆన్’ అని మార్చి చూడండి.

జవాబు 2:
ఆ మార్పు రీబూట్ చేస్తే పోతుంది. మౌస్ తగిలించగానే ‘ఆన్’ అని రాసేలా, దాని వెండర్, ప్రొడక్ట్ నంబర్లతో ఒక యూడెవ్ రూల్ (పరికరం తగిలించగానే ఏం చేయాలో చెప్పే నియమం) పెట్టుకోవడం మేలు. ఆ నంబర్లు ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ ఆదేశంతో తెలుస్తాయి.

జవాబు 1:
రూల్ మంచిదే గానీ, కరెంటు ఆదా చేసే పవర్‌టాప్ ప్రోగ్రామ్‌ను ఆటో-ట్యూన్‌తో (ఆదా సెట్టింగులన్నీ దానంతట అదే పెట్టే పద్ధతి) నడిపే సర్వీసు బూట్ సమయంలో ఉంటే రూల్ ఒక్కటీ సరిపోదు. రూల్ ‘ఆన్’ అని రాసిన తర్వాత ఆ సర్వీసు వచ్చి మళ్లీ ‘ఆటో’ అని మార్చేస్తుంది. ముందు సర్వీసులను చూపే ‘సిస్టమ్‌సీటీఎల్’ ఆదేశం ఇచ్చే జాబితాలో ఆ సర్వీసు ఉందో లేదో చూసి, ఉంటే డిసేబుల్ చేయండి. ల్యాప్‌టాప్‌కు పనికొచ్చే ఆ ఏర్పాటుతో ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే డెస్క్‌టాప్‌కు పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ప్రశ్న అడిగినవారు:
పవర్‌టాప్ సర్వీసు ఉంది. దాన్ని డిసేబుల్ చేసి రీబూట్ చేశాక కంట్రోల్ ఫైలులో ‘ఆన్’ అనే ఉంది; లైటు ఆరడం లేదు, రూల్ అవసరమే పడలేదు. ముందు పోర్టు కనెక్టర్‌ను మళ్లీ బిగించినా పెన్‌డ్రైవ్ పెడితే సైతం అదే మైనస్ 71 వస్తోంది కాబట్టి, ఆ వైరు మార్పించే దాకా వెనక పోర్టులనే వాడుకుంటాము.